ఎగ్గర్ట్ రిబ్బన్ వర్ణనిర్ణయ మహాసంగ్రామం

శరదృతువు తన కడపటి ఎండుటాకును ఓకర్ నదికి సమర్పించి చేతులు దులుపుకొన్న నవంబరు మాసంలో, ఆదివారం నాడు, చర్చి గంటలు పదకొండు కొట్టి అలసి మిన్నకున్న ముహూర్తాన, కలపదూలాల ఇళ్ళు నాలుగు వందల ఏళ్ళుగా ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలిచిన వోల్ఫెన్‌బ్యుట్టెల్ పట్టణంలో, ‘నల్ల బాతు’ అనే పానశాల వెనకగదిలో, ఉల్లిపాయల ఘాటూ తడిసిన ఉన్నికోట్ల ఆవిరీ కలిసి దట్టమైన ఆ వాయుమండలంలో, ఇద్దరు మహావీరుల నడుమ చెలరేగిన దారుణ సంగ్రామాన్ని చెప్పబోతున్నాను. సూదిమొన మీద కొలువున్న తల్లీ, దారపుపోగులు చిక్కుపడకుండా కాచే దేవతా, నా నాలుకను తడబడనీయకు. రంగు తప్పు చెప్పినవాణ్ణి ఈ ఊళ్ళో ఎవరూ క్షమించరు.

ఆ యుద్ధక్షేత్రం పొడవు మూడంగుళాలకు లోపు, వెడల్పు అరంగుళం. దాన్ని రిబ్బన్ పట్టీ అంటారు. పూర్వం జర్మను రాజ్యాల సైనికులు ఉత్సవదినాల్లో పతకాలన్నీ గుండె మీద వేలాడదీసుకొని, మామూలు రోజుల్లో ఆ బరువు మోయలేక, ఒక్కొక్క పతకపు రిబ్బను నుంచి చిన్న ముక్క తీసి, రేకు మీద వరసగా చుట్టి కుట్టించి, కోటుకు గుచ్చుకొనేవారు. పతకాలు పోయాయి. కోట్లు పోయాయి. వాటిని ధరించిన విశాల వక్షస్థలాలూ మట్టిలో కలిశాయి. గుడ్డముక్కలు మాత్రం మిగిలాయి. ఏ రంగు ఏ రాజ్యానిది, ఏ చార ఏ ఘనకార్యానికి గుర్తు అని చదవగల పండితులు మా ఊళ్ళో పదకొండుమంది. వారి సంఘం పేరు పురాపతక మిత్రమండలి. మైత్రి ఆ పేరులో ఉంది.

ఆ మండలికి అధ్యక్షుడు గెర్నోట్ పీపెన్‌బ్రోక్. భూముల రిజిస్ట్రారు కచేరీలో నలభై సంవత్సరాలు ముద్రలు కొట్టిన ఆ ముద్రాప్రహారధురంధరుడు, రిబ్బన్ల మహాసూచీ మూడు సంపుటాలనూ మూడు దుర్గాల వలె తన ముందు నిలబెట్టుకొని తప్ప కాఫీ కూడా తాగడు. ఆయన దస్తూరీ అచ్చు అక్షరాలను సిగ్గుపడజేస్తుంది. ఆయన రాసిన చీటీ గాజుబీరువాలో పడిందంటే ఇక అది శిలాశాసనం.

రెండవ వీరుడు ఓర్ట్‌విన్ హాసెల్‌బ్రింక్. కట్టుడుపళ్ళు చేసి విశ్రాంతి తీసుకొంటున్న కృత్రిమదంతవిశ్వకర్మ. ఈ పట్టణంలో అరవై దాటినవారి నవ్వులు సగం ఆయన చేతిపని. తెలుపులో పదహారు రకాలున్నాయని ఆయనకు తెలుసు. వాటిని దీపం లేకుండా వేరుచేయగలడు. అయితే రెండేళ్ళుగా ఆ మహనీయుడి కుడిచేతికి వణుకు వచ్చింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఆయనా ఎత్తడు. ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఈ వీరులిద్దరూ ప్రతి నెలా ఒకే బల్ల దగ్గర కూర్చొంటున్నా, ఇప్పటికీ ఒకరినొకరు ‘మీరు’ అనే పిలుచుకొంటారు. ‘నువ్వు’ అనేటంత చనువుకు తగిన సందర్భం ఇంతవరకూ రాలేదు.

ఆనాడు మండలివారి వార్షిక ప్రదర్శన. సరిగ్గా పన్నెండు గంటలకు పీపెన్‌బ్రోక్ గాజుబీరువాకు తాళం వేస్తాడు. వేశాక వసంతం దాకా తీయరు. చీటీలో ఏముంటే అదే అన్నాళ్ళూ లోకానికి సత్యం.

పదకొండూ పదికి వాల్‌బుర్గా ఓలెన్‌డోర్ఫ్ వచ్చింది. ఆమె మా ఊరి సిటీబస్సు సారథి. మంచులో, వానలో, బడిపిల్లల కోలాహలంలో ఆ భారీరథాన్ని ఇరుకుసందుల్లో అవలీలగా తిప్పగల ఆ స్త్రీరత్నం, ఒంటిగంట డ్యూటీకి యూనిఫారంలోనే, తాను పోయినవారం దగ్గుబిళ్ళల డబ్బాలో పెట్టి తెచ్చి ఇచ్చిన పట్టీని చూసుకొందామని బీరువా ముందు నిలబడింది. మూడు రిబ్బన్ల పట్టీ అది. ఆమె ముత్తాత, అమ్మమ్మకు తండ్రి, ఎగ్గర్ట్ క్నాక్‌ష్టెట్‌ది. దాని ముందున్న చీటీని ఆమె పైకే చదివింది.

“ఎగ్గర్ట్ క్నాక్‌ష్టెట్, సైన్యపు రొట్టెల బట్టీ. ఒకటి, ఇనుప సిలువ, యుద్ధరంగానికి వెళ్ళనివారి తరగతి. రెండు, బ్రౌన్‌ష్వైగ్ యుద్ధసేవా సిలువ, అది కూడా వెళ్ళనివారి తరగతే. మూడు, దీర్ఘకాల సేవ.” ఆమె పీపెన్‌బ్రోక్ వైపు తిరిగింది. “అంటే ఏంటండీ?”

“అంటే మీ ముత్తాతగారు వెనక ఉండి పనిచేశారన్నమాట. తెలుపు మీద నల్లచారలు ఒకటి, పసుపు మీద నీలంచారలు ఇంకొకటి. చివరిది నీలం. గౌరవమేనండీ, తక్కువేం కాదు.”

“రొట్టెలు కాల్చినందుకు?”

“సైన్యం తినాలి కదమ్మా.”

వాల్‌బుర్గా తలాడించింది. “అయితే మా మావయ్య చెప్పేదే నిజం. అమ్మమ్మ చెప్పిన నదీ, పతకమూ అంతా కట్టుకథే.”

ఆ మావయ్య పేరు ఫోల్క్‌మార్. ఏటా క్రిస్మస్ బాతును కోసే వేళ, కత్తి పైకెత్తి, “మన వంశవీరుడు పిండిబస్తా ఎగ్గర్ట్‌కి జై” అనటం ఆ ఇంట ఆచారం. అందరూ నవ్వుతారు. అమ్మమ్మ ఒక్కతే నవ్వేది కాదు. తన తండ్రి మాగ్డెబుర్గ్‌లో రొట్టెల బట్టీలో పనిచేసే రోజుల్లో, మంచుగడ్డలు తేలుతున్న ఎల్బే నదిలో దూకి ఒక పిల్లను ఒడ్డుకు లాగాడనీ, అందుకు ఆ ఊరిని ఏలే ప్రష్యా రాజ్యం పతకం ఇచ్చిందనీ, పతకం పోయినా దాని గుడ్డ పట్టీలో ఉందనీ ఆమె బతికున్నన్నాళ్ళూ చెప్పింది. మావయ్యలూ పిన్నులూ “సరేలే అమ్మా” అని పళ్ళెం ఆమె వైపు జరిపేవారు. వాల్‌బుర్గా కూడా అలా జరిపినదే. ఆ జరపటం గుర్తొచ్చి ఆమె ఇప్పుడు తన టోపీని రెండు చేతులతో నలుపుతూ ఉంది.

ఆ సమయంలో హాసెల్‌బ్రింక్ మూలబల్ల దగ్గర, పచ్చి పందిమాంసపు ఖీమా పరిచి ఉల్లిముక్కలు చల్లిన బన్నును నోటికి చేరుస్తున్నాడు. ఆ మాటలు చెవిన పడ్డాయి. బన్ను గాలిలో ఆగింది. ఆయన దాన్ని పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకొని, గజరాజు సరోవరానికి నడిచినట్లు బీరువా దగ్గరకు నడిచి, భూతద్దం కంటికి ఆనించి, మధ్యరిబ్బనును అరనిమిషం చూసి, చరిత్రలో నిలిచే ఆ వాక్యాన్ని పలికాడు.

“ఇది పసుపు కాదు.”

గదిలో గ్లాసుల చప్పుడు ఆగింది. బీరు నురగ కూడా దిగటం మానినట్లు తోచింది. పీపెన్‌బ్రోక్ నెమ్మదిగా, దండెత్తి వచ్చిన సేనను కోటబురుజు మీద నుంచి పరికించే రాజు వలె, కళ్ళజోడు మీదుగా చూశాడు.

“మరేంటండీ, హాసెల్‌బ్రింక్ గారూ?”

“వెలిసిన నారింజ. అంచుల్లో ఉన్నది తెలుపు. ప్రష్యావాళ్ళ ప్రాణరక్షణ పతకం రిబ్బను ఇది. ఈవిడ అమ్మమ్మగారు చెప్పింది నిజం.”

“నీలం వెలిసి తెల్లబడింది. పసుపు ముదిరి ఇలా తయారైంది. ఆయనది ఈ ఊరు, మన బ్రౌన్‌ష్వైగ్ రాజ్యం మనిషి. మన రాజ్యం సిలువే వస్తుంది. రెండో సంపుటం, రెండువందల పదకొండో పేజీ.”

“పేజీ చూశారు, గుడ్డని చూశారా? పక్కన చివరి రిబ్బను నీలమేగా? అదే కోటు, అదే ఎండ. అది శుభ్రంగా నీలంగా ఉంటే ఇది ఒక్కటీ తెల్లబడిపోయిందా?”

“వేరే మిల్లు. వేరే అద్దకం.”

అంతట దంతవిశ్వకర్మ ఛాతీ నిటారుగా నిలిపి, గదిలోని పదిమందీ వినేటట్లు, వైరిహృదయవిదారకంగా పలికాడు:

“పీపెన్‌బ్రోక్ గారూ, నలభై మూడేళ్ళు తెలుపుతోనే బతికినవాణ్ణి. ఈ ఊళ్ళో ఎవరి పన్ను ఏ తెలుపో నిద్రలో లేపి అడగండి, చెప్తాను. మీ ముందు పళ్ళు రెండూ పాత మీగడ రంగు. ఈ చార ఒకప్పుడు నీలమై ఉంటే దాని అడుగున బూడిదరంగు కనపడి తీరాలి. లేదు. ఇది పుట్టినప్పటి నుంచీ తెలుపే.”

“నా పళ్ళ ప్రసక్తి ఇక్కడెందుకండీ?”

“నేను చేసినవే కదా!”

సభలో ఎవరో దగ్గినట్లు నవ్వారు. పీపెన్‌బ్రోక్ ముఖం ఎర్ర క్యాబేజీ రంగుకు తిరిగింది. కోపంలో, ఎవరూ ఎత్తని సంగతిని ఆయన ఎత్తాడు.

“మీ కన్ను సంగతి సరే. ముందు మీ చెయ్యి చూసుకోండి. కప్పు పట్టుకుంటే సాసరు డప్పు కొడుతోంది. ఆ చేత్తో భూతద్దం పట్టుకుంటే నలుపు కూడా నారింజలాగే కనపడుతుంది.”

బాణం దిగింది. హాసెల్‌బ్రింక్ కుడిచేతిని జేబులో పెట్టుకొన్నాడు. పీపెన్‌బ్రోక్ కూడా తానన్నది విని తానే ఒక్కక్షణం బిత్తరపోయాడు, కాని గోడగడియారం పదకొండున్నర చూపిస్తున్నది. అధ్యక్షులు వెనక్కి తగ్గటానికి అది సమయం కాదు.

వాల్‌బుర్గా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఇంత గొడవెందుకండీ? లోపల మడతలో ఎండ తగలని చోటు ఉంటుందిగా. రెండు కుట్లు కత్తిరించి చూసేస్తే పోలా? నాదేగా పట్టీ.” అంటూ పానశాల యజమానురాలు హెడ్డా పక్కన పెట్టిన కత్తెరను అందుకొంది.

“వద్దు!!”

ఆ కేక ఇద్దరి గొంతుల్లోంచీ ఒక్కటిగా వెలువడింది. కిటికీ అద్దం మోగింది. వంటింట్లోంచి హెడ్డా గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రావటం అదే మొదలు.

“ఏమైంది? ఎవరైనా పడిపోయారా?” అంది హెడ్డా.

“కుట్టు కత్తిరిస్తానంటోంది!” అన్నాడు పీపెన్‌బ్రోక్, పాలిపోయిన ముఖంతో.

“వందేళ్ళనాటి దర్జీ వేసిన కుట్టమ్మా అది,” అన్నాడు హాసెల్‌బ్రింక్. “ఒక్క పోగు తెగినా ఇక ఎవరూ నమ్మరు. ఎవడో మొన్న కుట్టాడంటారు. మీ ముత్తాతగారు రెండోసారి అబద్ధమైపోతారు.”

వాల్‌బుర్గా కత్తెర కింద పెట్టింది. “మరెలా చూస్తారు?”

హాసెల్‌బ్రింక్ పట్టీని బీరువాలోంచి తీసి, పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టినట్లు తెల్ల చేతిరుమాలు మీద తిప్పి పెట్టాడు. వెనకవైపు నల్లటి ఉన్నిగుడ్డ కుట్టి ఉంది. దాని మీద అడ్డంగా పిన్ను, మధ్యరిబ్బను వెనక ఆ పిన్ను తిరిగే ఇత్తడి బందు. సరిగ్గా ఆ బందు కింద, ఎప్పుడో ఒక పురుగు ఉన్నిని కొరికి, ఆవగింజ పట్టేంత రంధ్రం చేసి వెళ్ళింది. ఆ రంధ్రంలో ఆ రిబ్బను లోపలి మడత ఉంది. అయితే దాని మీదికి ఇత్తడి బందు గొడుగులా కప్పుకొని ఉంది. పైనుంచి చూస్తే ఇత్తడి. పక్కనుంచి చూస్తే చీకటి. బందును వంచితే విరుగుతుంది.

“పక్కనుంచి, బందు కింద వాలుగా అద్దం పెడితే కనపడుతుంది,” అన్నాడు హాసెల్‌బ్రింక్.

“అంత చిన్న అద్దం ఎక్కడుందండీ ఈ లోకంలో?” అన్నాడు పీపెన్‌బ్రోక్.

హాసెల్‌బ్రింక్ కోటు లోపలిజేబులోంచి ఒక తోలుసంచి తీశాడు. అందులో పళ్ళ డాక్టర్లు నోట్లో పెట్టి చూసే పొడుగుకాడ అద్దం ఉంది. దాని పక్కనే అంతకంటే చిన్నది, పసిపిల్లల పళ్ళ కోసం చేసినది, చొక్కాగుండీ అంత ఉంది. ఒరలోంచి కరవాలం దూసిన సవ్వడి ఎవరికీ వినపడలేదు గాని, వినపడవలసిన సందర్భమే.

పన్నెండుకు పది నిమిషాలు. వీరుడు కూర్చొన్నాడు. పట్టకారుతో ఇత్తడి బందు అంచును తాకకుండా ఉన్నిని పక్కకు ఒత్తాడు. ఎడమచేత్తో భూతద్దం. కుడిచేత్తో అద్దం. అప్పుడు విధివిలాసం ఏమని చెప్పను! మూలబల్ల మీద హెడ్డా సర్దుతున్న పళ్ళెం లోంచి ఒక ఉల్లిముక్క ఎగిరి, తోకచుక్కలా గదిని దాటి, పట్టీకి రెండు వేళ్ళ దూరంలో చేతిరుమాలు మీద పడింది. పదకొండుమంది పండితులూ మూలిగారు. హెడ్డా అరచేయి వచ్చి ఆ తడిశత్రువును తుడిచి తీసుకుపోయింది. “చచ్చినంత పని చేశారు, ఉల్లిపాయేగా!” అన్నది ఆమె వెళుతూ.

మళ్ళీ అద్దం కదిలింది. రంధ్రం దగ్గరకు చేరింది. చేరి, వణికింది. అద్దంలో మొదట దీపం, తర్వాత కిటికీ, ఆ తర్వాత పీపెన్‌బ్రోక్ గడ్డం, మళ్ళీ దీపం గిరగిర తిరిగాయి. హాసెల్‌బ్రింక్ పళ్ళు బిగించాడు. నుదుట చెమట పట్టింది. రెండవసారి ప్రయత్నించాడు. అద్దం ఇత్తడికి తగిలి టింగుమంది. మూడవసారి చేయి అసలు బల్ల మీద నుంచి లేవనేలేదు.

“నా వల్ల కావటం లేదు,” అన్నాడు ఆయన. చాలా మెల్లగా అన్నాడు. కాని గదిలో అందరికీ వినపడింది.

ఇప్పుడు పీపెన్‌బ్రోక్ చేయవలసిన పని ఒక్కటే. తాళంచెవి తీయటం. గెలుపు ఆయన జేబులోనే ఉంది. ఆయన లేచాడు. మొదటి సంపుటాన్ని ఎత్తి హాసెల్‌బ్రింక్ కుడి మోచేతి కింద పెట్టాడు. రెండవ సంపుటాన్ని మణికట్టు కింద పెట్టాడు. మూడవది పక్కకు నెట్టి, కుర్చీ లాక్కొని కూర్చొని, తన రెండు అరచేతుల మధ్య ఆ వణికే చేతిని పట్టుకొన్నాడు.

“ఊపిరి వదిలాక జరపండి,” అన్నాడు. “ముద్ర కొట్టేటప్పుడు నేనలాగే చేసేవాణ్ణి.”

“మీరు గట్టిగా పట్టుకోకండి.”

“పట్టుకోలేదు. మీరు కదలకండి.”

మత్స్యయంత్రం కొట్టేవాడు నీళ్ళలోకి చూసినట్లు ఇద్దరి తలలూ ఒకే అద్దం మీదికి వంగాయి. రెండు బట్టతలలూ తాకాయి. వాల్‌బుర్గా తన బస్సు తనిఖీ టార్చిలైటు వెలిగించి, వాళ్ళు చెప్పినట్లు ఎడమకు, ఇంకొంచెం ఎడమకు, ఆపు, అక్కడే అంటే అక్కడే పట్టుకొంది. అద్దం బందు కిందికి జారింది. చీకటి. ఒక దారపు పోగు. మళ్ళీ చీకటి. అటుపిమ్మట, వందేళ్ళుగా ఏ సూర్యుడూ చూడని ఆ మడత, లోపలి నుంచి వెలుగును తిరిగి చూసింది.

హాసెల్‌బ్రింక్ నోరు తెరవలేదు. కావాలనే తెరవలేదు. తాను చూసింది తాను చెబితే అది తన మాట. ఎదుటివాడు చెబితే అది తీర్పు.

చర్చిగంట పన్నెండు కొట్టసాగింది. పీపెన్‌బ్రోక్ జీవితంలో ఏనాడూ తాళం వేయటానికి ఆలస్యం చేయలేదు.

“గంట కొట్టనివ్వండి,” అన్నాడు ఆయన, అద్దంలోంచి కన్ను తీయకుండా. కొట్టటం అయిపోయింది. ఆయన వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకొని, ఇంకోసారి వంగి చూశాడు.

“నారింజ,” అన్నాడు. “పండిన నారింజ. అంచు తెలుపు. నీలం నలుసంత కూడా లేదు.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది ఆ మండలి అలవాటు కాదు. ఒకాయన మాత్రం తన గ్లాసును బల్ల మీద మెత్తగా రెండుసార్లు తట్టాడు. వాల్‌బుర్గా టార్చి ఆర్పటం మరిచిపోయింది. ఆ వెలుతురు పైకప్పు దూలం మీద వణుకుతూ ఉంది.

పీపెన్‌బ్రోక్ తన చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొన్నాడు. కొత్త కాగితం తీశాడు. కలం మూత తిప్పాడు. “రెండు, ప్రష్యా రాజ్యపు ప్రాణరక్షణ పతకం,” అని పలుకుతూ రాశాడు. “తన ప్రాణానికి తెగించి ఇతరుల ప్రాణం కాపాడినందుకు. వాల్‌బుర్గా గారూ, ‘రొట్టెల బట్టీ’ అన్న మాట తీసేయమంటారా?”

“ఎందుకు తీసెయ్యటం? ఉండనీయండి,” అన్నది ఆమె. “రొట్టెలు బాగా చేసేవాడట.”

తర్వాత ఆమె బయటి గుమ్మంలోకి వెళ్ళి మావయ్యకు ఫోను చేసింది. తలుపు తెరిచే ఉంది గనుక మేమంతా విన్నాం. వినకూడదని ఎవరికీ అనిపించలేదు.

“మావయ్యా, అమ్మమ్మ చెప్పింది నిజమే. నది, పిల్ల, పతకం, అన్నీ. ఇక్కడ చూశారు. ... లేదు, కల్పించటం లేదు. ... ఏంటీ?” ఆమె ఆగింది. అవతలి గొంతు చాలాసేపు ఏదో చెప్పింది. “ముత్తాతకి ఈత రాదా? ఎవరన్నారు? ... తాతయ్య చెప్పాడా?”

ఆమె గోడకు ఆనుకొంది.

“అయితే రాకుండానే దూకాడన్నమాట,” అంది.

“సరే మావయ్యా, డ్యూటీ టైమైంది,” అని పెట్టేసింది. లోపలికి వచ్చి, హాసెల్‌బ్రింక్ కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకొని ఊపింది. ఆపై పీపెన్‌బ్రోక్ చేతిని కూడా. టోపీ సర్దుకొని వెళ్ళిపోయింది.

పన్నెండూ పదకొండుకు బీరువా తాళం పడింది. పీపెన్‌బ్రోక్ రెండు సంపుటాలనూ బల్ల మీద నుంచి తీసి, వాటి అట్టల మీద చెమట మరకను చూసి, తుడవకుండా సంచిలో పెట్టుకొన్నాడు. “ఇందాక చెయ్యి గురించి అన్నది...” అని మొదలుపెట్టాడు.

“పళ్ళ గురించి నేనూ అన్నాను,” అన్నాడు హాసెల్‌బ్రింక్. “మీగడ రంగు మీకు నప్పుతుంది లెండి.”

“మీరు బన్ను తినలేదు.”

“మీరూ కాఫీ తాగలేదు.”

ఇద్దరూ కూర్చొన్నారు. హెడ్డా రెండు కప్పుల వేడి కాఫీ తెచ్చి పెట్టింది.

ఓ సజ్జనులారా! ఈ గాథను శ్రద్ధగా విన్నవారి కోటుగుండీలు ఊడకుండుగాక, చదివినవారి సూదిలో దారం తొలిసారికే ఎక్కుగాక. ఓకర్ తీరాన ఆ ఆదివారం మహావీరులిద్దరు ఒకే చేయిగా పోరాడి జయించిన భూభాగం విస్తీర్ణం ఆవగింజలో సగం. దాని రంగు నారింజ. ఇక మీదట దాన్ని పసుపు అనేవాడు ఈ పట్టణంలో పుట్టబోడు.